చిట్టి చెవి

1954. కొత్తపేట పశువుల ఆసుపత్రిలో నేను డాక్టరుగా ఉన్న రోజులు. ఆవులు, గేదెలు, ఎడ్లు తప్ప మా గుమ్మం ఎక్కేవి తక్కువ. అలాంటిది, అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే సత్యం ఒక బుల్లి కుక్కను చంకన పెట్టుకుని వచ్చాడు. వెనకే చంటిపిల్లాడితో అతని భార్య మంగ.

కాయల రాశి మీంచి దూకినప్పటినుంచి వెనక కాలు మోపడం లేదట. పట్టి చూస్తే మోకాలి కింది ఎముక ముందుకు జారుతోంది. అంటే, కీలు లోపల ఎముకల్ని కట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంటు తెగిందన్నమాట.

"కుంటుకుంటూ బతికేస్తుందిలేవయ్యా," అన్నాను.

"అలాగనకండి డాక్టరుగారండీ. మా ఆవిడకి చెవుడండి. నేను పనికెళ్తే, పిల్లోడు ఏడ్చినప్పుడల్లా ఈ చిట్టే పరిగెత్తుకెళ్లి దాని చీర లాగుద్దండి. మా ఇంటెనకాల కాలవండి. మొన్న ఇది లేవలేక పడుంటే, పిల్లోడు పాక్కుంటూ రేవు దాకా ఎళ్లిపోయేడండి."

ఆ ఆపరేషను గురించి నేను పత్రికలో చదివిందే తప్ప చూసింది లేదు. తొడ కండరాన్ని కప్పి ఉండే ఫేసియా అనే గట్టి పొరలోంచి పట్టీ తీసి, ఎముకలకు రంధ్రాలు వేసి, తెగినదాని స్థానంలో బిగించాలి. భయమేసింది. అయినా ఒప్పుకున్నాను.

మర్నాడు చిట్టికి మత్తుకు ఈథర్ ఇచ్చాం. సత్యం పక్కనే ఉన్నాడు. మంగ గుమ్మంలో నిలబడి కన్నార్పకుండా చూస్తోంది. పిల్లాడు బయట వరండాలో చీర ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. రెండో రంధ్రం వేస్తుండగా చిట్టికి ఊపిరి ఆగింది. కాంపౌండరు నాలుక బయటికి లాగాడు, నేను డొక్కలు నొక్కాను. ఎంతకో సన్నగా ఊపిరి అందుకుంది.

మళ్లీ చేతులు కడుక్కుని పట్టీ లాగుతున్నాను. ఇంతలో వరండాలో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు.

చిట్టి చెవి కదిలింది. కాలు బిగుసుకుంది. ఇంకా ఈథర్ ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చు, ఇవ్వకపోతే లేచేలా ఉంది.

"పిల్లాణ్ని ఊరుకోబెట్టమ్మా!" అని అరిచాను. ఎవరి మీద అరుస్తున్నానో కూడా మరిచిపోయాను. తలెత్తి చూస్తే గుమ్మంలో మంగ లేదు. ఆ చెవి కదలడం చూసి అప్పటికే పరిగెత్తింది.

ఏడుపు ఆగింది. చెవి వాలిపోయింది. ఉన్న మత్తులోనే పట్టీ బిగించి కుట్లు వేశాను.

"ఆయ్, బాబు ఊరుకున్నాడని దానికి తెలిసిపోయిందండి," అన్నాడు సత్యం, కళ్లు తుడుచుకుంటూ.

కొన్ని వారాలకు కట్టు విప్పాను. చిట్టి నేల మీద కాలు మోపుతుందో లేదోనని మేమంతా చూస్తున్నాం. నా ముఖం నచ్చలేదేమో, చాప మీదున్న పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు. చిట్టి నాలుగు కాళ్ల మీద పరిగెత్తి మంగ కుచ్చెళ్లు పట్టి లాగింది.

అప్పటినుంచి ఏ జంతువును తెచ్చినా, దానికి ఏమైందని అడిగేముందు, అది ఇంట్లో ఏం చేస్తుందని అడిగేవాణ్ణి.