ఆదాయం లేని మెట్ట

మొన్న చేతిలో ట్యాబు పట్టుకుని ఒకమ్మాయి మా వాకిట్లోకి వచ్చి, ఊళ్లో ఏయే వనరులున్నాయో, ఏం పెడితే ఊరు బాగుపడుతుందో రాసుకోవాలండీ అంటే, పాపం ఆ పిల్ల తప్పేమీ లేకపోయినా నాకు ఒళ్లు మండింది. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను గానీ నోరు విప్పబుద్ధి కాలేదు.

నా చిన్నతనంలో, సాలూరు దగ్గరున్న మా ఊళ్లో ఇలాగే జీపు దిగి ఆఫీసర్లు వచ్చారు. ఊరి వెనకాల ఎవరి పట్టాలోనూ లేని మెట్ట, అంటే చిన్నపాటి రాతికొండ, ఒకటుండేది. మాకున్న పొలం కొంచెమే, మిగతా బతుకంతా ఆ మెట్ట మీదే సాగేది. పొయ్యిలోకి పుల్లలు, పులుసులోకి చింతపండు, ఇల్లూడ్చే చీపురు, పెళ్లిళ్లకి విస్తరాకులు, అమ్మ మేకలకి మేత, వానలు పడ్డాక పుట్టగొడుగులు (ఆ కూర రుచి తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు) అన్నీ అక్కణ్ణించే. ఎక్కువైతే పక్కింటికి ఇచ్చేవాళ్లం తప్ప, మెట్ట మీది సరుకు అమ్ముకోవడం నామోషీ.

దాని మీద మీకు ఆదాయం ఎంత అని వాళ్లడిగితే, మగవాళ్లు పొలాల్లో ఉండబట్టి, మేకలకి ఆకు వేస్తున్న అమ్మే జవాబు చెప్పింది. "దాని మీద ఏటొస్తాది బాబూ? రాళ్లూ రప్పలూను. ఏటీ రాదు."

అబద్ధం కాదు. సంతలో అమ్మితే వచ్చేదే మావాళ్ల దృష్టిలో ఆదాయం, ఇంట్లో వండుకు తిన్నది కూడా ఆదాయమేనని ఎవరికి తోస్తుంది? వీధివీధంతా అదే చెప్పింది. ఆఫీసర్లు మెట్ట ఎక్కనైనా ఎక్కకుండా, భూమి ఎందుకూ పనికిరాదు, రాయి మాత్రం మేలైనది అని రాసుకుని, మా ఇంటి మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

తరవాత ఆ రాయిని కంకర కొట్టే క్రషరు వచ్చింది. పని దొరుకుతుందని నాన్న సంబరపడ్డాడు, అందులోనే కూలికి కుదిరాడు, ఆ దుమ్ము మింగి మింగి దగ్గుతూనే పోయాడు. చింతచెట్లు పోయాయి, మేత లేక మేకల్ని అమ్మేశాం. అమ్మ మొదటిసారి కొట్లో చింతపండు కొన్ననాడు, ఎవరైనా చూస్తారేమోనని కొంగు చాటున దాచుకుని తెచ్చింది.

ఇప్పుడు మెట్ట ఉన్న చోట గొయ్యి ఉంది. ఊరికి సిమెంటు రోడ్డు వచ్చింది, ఇంటింటికీ గ్యాసు వచ్చింది, కాదనను. కానీ కరివేపాకు రెబ్బ కూడా కొనుక్కోవాల్సిన ఊరైపోయింది మాది.

అమ్మ చివరిదాకా ఆ ఆఫీసర్లని పల్లెత్తు మాట అనలేదు. "నా నోటితోనే పోగొట్టీసేనే" అని తనని తానే తిట్టుకుంటూ కన్నుమూసింది. మెట్టని తవ్వుకుపోయినవాళ్లలో ఒక్కడైనా, ఒక్క పూటైనా, అలా బాధపడి ఉంటాడా?