దగ్గు వినపడని మాటలు

నంద్యాల ఆసుపత్రి దగ్గర బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాడట. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది. పైగా ఏడాదిగా విగ్రహాలు అడిగేవాళ్లే లేరు. భార్య కువైట్‌లో ఇంటిపనికి పోయింది.

దారి పొడుగునా ఆమెకు వాయిస్ మెసేజీలు పంపుతూనే ఉన్నాడు.

“ఏమ్మే, పాప పది పాసయింది.”

దగ్గు వచ్చేలోపే బటన్ మీంచి వేలు తీసేసి, అటు తిరిగి దగ్గేవాడు. మళ్లీ నొక్కేవాడు.

“నువ్వు పెట్టిన మల్లెచెట్టు పూస్తాండాది.”

మళ్లీ వేలు తీసేవాడు.

“నాకేం, బాగనే ఉండా. రెండు పూటలా సంగటి తింటాండా.”

నాకు విసుగొచ్చి, ఒకేసారి ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదా అన్నాను.

“దగ్గు విన్యాదంటే ఆడ అన్నం ముట్టదప్పా” అన్నాడు.

శిరివెళ్ల దాటినాక ఆమె జవాబు వచ్చింది. ఆయన చెవికి ఆనించుకున్నా నాకూ వినపడింది.

“మాట యాడ తెగితే ఆడ దగ్గినావని నాకు తెల్దా? పొద్దన్నుంచి నీ గొంతు కోసరం కాచుకోనుండా. ఆ దగ్గు గూడా పంపు. అదీ నీదే గదా.”

ఆయన బటన్ నొక్కి “ఏమ్మే” అన్నాడు. వెంటనే దగ్గొచ్చింది.

బస్సు ఆళ్లగడ్డ స్టాండులోకి తిరిగేదాకా ఆ వేలు బటన్ మీదే ఉంది.