మామ కట్టిన నూలుపోగు

గుడియాత్తంలో మగ్గాలు నడిపే మా మేనమామకు ఒక మోటారు సైకిలుండేది. అప్పట్లో ఊళ్లో అలాంటి బండి అదొక్కటే. దాని వెనక ఎవరు ఎక్కాలన్నా, మామ ముందుగా నేల మీద కూర్చుని వాళ్ల పంచెను మోకాలిదాకా మడిచి నూలుపోగుతో బిగించేవాడు. ఒకసారి తన పంచె చక్రంలో చిక్కుకుని ఎడమ కాలు వంకరపోయింది మరి.

నా పెళ్లిచూపులకు వేలూరు తీసుకుపోయినప్పుడూ అలాగే కట్టాడు. పిల్ల ఇంటి ముందు దిగి విప్పబోతే ముడి రాలేదు. తెగిన పోగుల్ని అతికే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. పిల్ల అవ్వ నా పిక్కలు చూసి, "ఏమప్పా, పెండ్లికొడుకు నాట్లకు వచ్చినాడా?" అంది. వాకిలంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు.

"సిగ్గు పోతే పోనీలే నాయనా, కాళ్లు ఉండాయి గదా!" అన్నాడు నాతో.

చివరికి కత్తెర తెచ్చి కోశారు. ఆ సంబంధం కుదరలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, "నాకు కట్టొద్దు" అన్నాను.

"చిక్కుకుంటాదప్పా."

"చిక్కుకోనీ."

సగం దారిలో నా కొత్త పంచె చక్రంలోకి పోయింది. మామ వెంటనే బండి ఆపబట్టి కాలు దక్కింది. రోడ్డు మీద చినిగిన గుడ్డతో నిలబడ్డాను. "చెప్తే విన్నావా?" అని ఆయన ఒక్క మాట అన్నా, నేను నాలుగు అనేవాణ్ణి. అనలేదు. అప్పుడు నవ్వినందుకూ, ఇప్పుడు నవ్వనందుకూ ఆయన మీద నాకు ఇంకా కోపమే.

తన పైపంచె తీసి నాకు చుట్టాడు. జేబులోంచి నూలుపోగు తీసి, వంకర కాలిని చేత్తో పట్టి మడుచుకుంటూ, మెల్లగా నా ముందు నేల మీద కూర్చున్నాడు.