గ్రహణం నాడు కోసిన జామకాయ

మా వదిన లక్ష్మణమ్మ జామకాయ ముట్టేది కాదు. కోటబొమ్మాళి సంతలో గంపల కొద్దీ దోరకాయలు ఎదురుగా పోసి ఉన్నా అటు చూసేది కాదు. ఎవరైనా ప్రసాదంగా పెడితే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళ చేతిలో పెట్టేసేది. ఒంటికి పడదేమో అనుకునేవారు కొత్తవాళ్ళు. పడకపోవడమేమీ కాదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

మా అమ్మ పేరు బుల్లమ్మ. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, మా ఇంటి రోకలిని అందులో నిలబెట్టేది. ఎవరూ పట్టుకోకుండానే అది నిటారుగా నిలబడేది. వీధిలో వాళ్ళందరూ వచ్చి రోకలికి దండం పెట్టి, పనిలో పనిగా మా అమ్మకీ పెట్టేవారు. ఆకాశంలో ఏం జరుగుతోందో ఊరికి చెప్పే మనిషి మా అమ్మ అన్నమాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

వదిన నౌపడ పిల్ల. వాళ్ళ నాన్న అక్కడి ఉప్పు మడుల్లో కూలిపని చేసేవాడు. మా అన్న జగన్నాధాన్ని చేసుకుని వచ్చిన మరుసటేడే కడుపుతో ఉంది. ఐదో నెల నడుస్తుండగా పంతొమ్మిది వందల ఎనభైలో ఆ పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. మాఘ అమావాస్య. మధ్యాహ్నమే మునిమాపులా అయిపోయి, పశువులు ఇంటిదారి పట్టాయి. వీధుల్లో నరపురుగు లేదు.

కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ బయటికి రాకూడదు, గోక్కోకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా కత్తిపీట పట్టకూడదు. ఏదైనా కోస్తే లోపల బిడ్డ పెదవి తెగుతుందట. పెదవి చీలి పుట్టడానికి గ్రహణమొర్రి అని పేరే పెట్టేసుకున్నాం, ఇంక వేరే సాక్ష్యం దేనికి?

నాకప్పుడు ఐదేళ్ళు. ఇంట్లో కడగొట్టుదాన్ని. పొద్దుట్నుంచి పొయ్యి వెలిగించలేదు. చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకున్న వదిన దగ్గరికి వెళ్ళి, ఆకలేస్తోంది, జామకాయ కోసి పెట్టమన్నాను. అడిగినందుకు నాకు ఈ రోజుకీ సిగ్గు లేదు. ఆకలేసిన ఐదేళ్ళ పిల్ల అడగక పంచాంగం చూసుకుంటుందా? వదిన లేచింది. కత్తిపీట వాల్చుకుని కాయని రెండు చెక్కలు చేసింది. మొదటి చెక్క తిన్నాను. రెండోది నోటి దాకా వెళ్ళేసరికి గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. నా చెయ్యి మీద ఒక్కటిస్తే అది మట్టిలో పడింది.

జ్యేష్ఠం దాటాక దేవేంద్ర పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది ఒక్క మాటలో చెప్పొచ్చు. తిట్టారు. పిల్లాడు పాలు పీల్చలేకపోతే వదిన తన పాలు పిండి, గుడ్డ వత్తితో చుక్క చుక్కగా నోట్లో వేసి బతికించుకుంది. అది ఎవరూ చూడలేదు, జామకాయే చూశారు. "సేసుకున్నావు గదే, అనుబవించు," అనేది మా అమ్మ, పొద్దున్న ఒకసారి, అన్నాల దగ్గర ఒకసారి. మా అన్న ఏమీ అనేవాడు కాదు, అదొక రకం తిట్టు. చుట్టాలిళ్ళలో శ్రీమంతం జరిగితే వదినని వంటకి పిలిచేవారు గానీ, కడుపుతో ఉన్న పిల్లకి గాజులు తొడగడానికి పిలిచేవారు కాదు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవరో. మా వదినకి ఊరంతా తోటికోడళ్ళే.

ఏడేళ్ళప్పుడు దేవేంద్రకి విశాఖపట్నంలో పెదవి కుట్టించారు. మాట కొంచెం ముక్కుతో వస్తుంది, అంతే. మీసం పెంచాడు, మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, శ్రావణిని కన్నాడు. వాడు తన మూతి గురించి బాధపడగా నేను చూడలేదు. బాధంతా ఊరిది. కందకి లేని దురద కత్తిపీటకెందుకో!

అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, మా అమ్మ పోయాక ఆ రోకలిని వదినే నిలబెట్టడం మొదలుపెట్టింది. తనని ముంచిన గ్రహణాన్ని తనే కాపలా కాసేది. శ్రావణి పదేళ్ళప్పుడు, ఏ గ్రహణమూ లేని ఒక ఉత్త బేస్తవారం నాడు, అదే పళ్ళెంలో అదే రోకలిని నిలబెట్టి చూసింది. నిలబడింది! అడుగు చదునుగా ఉన్న రోకలి ఎప్పుడైనా నిలబడుతుంది, ఆ ముక్క నిలబెట్టి చూస్తే గానీ తెలియదు. "నానమ్మా, ఇయాల ఏ గ్రహణమే?" అని అరిచింది పిల్ల. వదిన దాని వీపు మీద ఒక్కటిచ్చి రోకలి లోపల పెట్టేసింది.

ఆ శ్రావణే ఇప్పుడు హైస్కూల్లో సైన్సు టీచరు. మొగుడిది బొబ్బిలిలో ఉద్యోగం. స్కూలు దగ్గరని ఈ పిల్ల పుట్టింట్లోనే ఉంటోంది. ఈ ఏడు ఫాల్గుణ పున్నమికి చంద్రగ్రహణం వచ్చింది, చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడని పంచాంగంలో ఉంది. శ్రావణి తొమ్మిదో తరగతి పిల్లలందర్నీ సాయంత్రం స్కూలు గ్రౌండుకి రమ్మంది, టెలిస్కోపులో చూపిస్తానని. అప్పటికి శ్రావణి కడుపుతో ఉంది, ఐదో నెల.

మధ్యాహ్నం దేవేంద్ర నాకు ఫోన్ చేశాడు. "అత్తా, ఓపాలి రాయే. అమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకున్నాది."

పక్క వీధే కాబట్టి కుట్టుమిషన్ మీది బట్ట అలాగే వదిలేసి వెళ్ళాను. నిజంగానే వదిన గుమ్మానికి అడ్డంగా, కొంగు నెత్తి మీదికి లాక్కుని పడుకుని ఉంది. లోపల శ్రావణి చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని నిలబడింది.

"ఎల్తే నన్ను దాటుకుని ఎల్లు," అంటోంది వదిన.

పెద్దవాళ్ళని దాటుకుని వెళ్ళే పిల్ల కాదు శ్రావణి. సంచీ దించి ఆవిడ పక్కనే కింద కూర్చుంది.

"నానమ్మా, ఎండలో నడిస్తే నీ నీడ గోడ మీద పడదా? ఇదీ అంతే. సూరీడు ఇటు, సెందమామ అటు, మధ్యన మన భూమి. మన నీడే ఎల్లి సెందమామ మీద పడతాది. నీడ తగిలి ఎవులికైనా దెబ్బ తగిలిందేటి?"

"నీడ సంగతి నాకొద్దు. లాగుడు సంగతి సెప్పు," అంది వదిన కళ్ళు తెరవకుండానే. "అమాసకీ పున్నానికీ సముద్రం పొంగుతాది. మా అయ్య ఉప్పు మడికి నీరెట్టేది ఆ పోటుకే. అంత సముద్రాన్ని లాగిన సెందమామ, కడుపులో పిసరంత గుంట పిల్లని లాగడేటి?"

శ్రావణి నవ్వింది.

"మా క్లాసులో ఎవులూ ఇంత మంచి ప్రశ్న అడగనేదు నానమ్మా. సరే, సెంబులో నీళ్ళకి పోటు రాగా నువ్వెప్పుడైనా సూసినావా?"

"సెంబులో పోటేటే, పిచ్చిదానా!"

"అదే. సముద్రం అంత పెద్దది గాబట్టి, దగ్గరగా ఉన్న నీళ్ళని సెందమామ కొంచెం గట్టిగా లాగుతాడు, దూరంగా ఉన్నవాటిని కొంచెం మెల్లగా. ఆ తేడాయే పోటు. సెంబుకి ఈ అంచుకీ ఆ అంచుకీ జానెడు. అక్కడ తేడా ఏటుంటాది? నా కడుపైనా అంతే. పైగా ఆ లాగుడు పున్నం పున్నానికీ ఉన్నాది, గ్రహణం ఉన్నా నేకపోయినా. ప్రతి పున్నానికీ కత్తిపీట అటకెక్కిస్తన్నామేటి?"

బాగా చెప్పింది. నాకే అర్థమైంది. వదిన మాత్రం కదల్లేదు.

"నీ సదువు బాగున్నాది. నా కొడుకు మూతి నాను సూసినాను," అంది.

ఇంక ఆ పిల్లకి ఓపిక పోయింది. మా వంశం కదా, ఎంతసేపు ఆగుతుంది? "నా బిడ్డ మూతి నానూ సూసినాను నానమ్మా! వారం కిందట సికాకుళంలో స్కాన్ తీసినారు. నాన్నకి ఉన్నాది గదా, పెదవి బాగా సూడండని నానే అడిగినాను. డాక్టరమ్మ తెర మీద సూపించింది. పై పెదవి సుబ్బరంగా కలిసిపోయున్నాది. కలిసిపోయింది ఈ సాయంత్రం ఎలా ఇడిపోతాది?"

వదిన కళ్ళు తెరిచింది.

"ఐదో నెలకే కలిసిపోయిందా?"

"ఐదో నెల దాకా ఎందుకు, రెండో నెలలోనే కలిసిపోతాది. అప్పుడు కలవకపోతే ఇంకంతే, అలాగే ఉండిపోతాది. తెగడం కాదు నానమ్మా అది, కలవకపోడం."

వదిన లేచి కూర్చుంది. కొంగు జారింది, సర్దుకోలేదు. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది.

"ఎనభైలో వచ్చిన గ్రహణం ఏనాడొచ్చిందో ఇప్పుడు సెప్పగలరా?"

"ఎయ్యేళ్ళ కిందటివీ సెప్తారు, రాబోయేవీ సెప్తారు. సూరీడూ సెందమామా లెక్క తప్పరు." శ్రావణి ఫోన్ తీసి చూసింది. "ఫిబ్రవరి పదహారు. శనివారం, మధ్యాహ్నం పూట."

"శనివారమే," అంది వదిన. "నాకు ఐదో నెల. అంటే నాను కత్తిపీట వాల్సినప్పటికి ఆడి మూతి..."

గోడకి ఆనుకుని నిలబడ్డ దేవేంద్ర మీసం మీద వేలు పెట్టుకుని అన్నాడు: "అప్పటికే ఇలాగున్నాదమ్మా. నువ్వు కోసినా ఇంతే, కొయ్యకపోయినా ఇంతే."

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వదిన నా వైపు తిరిగింది. మా అన్న కూడా పోయాక, ఆ ఇంట్లో అప్పటివాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

"మరి నన్నెందుకు తిట్టినారే నీలవేణీ?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించేసింది. కాసేపు గట్టిగానే ఏడ్చింది. వీధిలో వాళ్ళకి వినపడినా ఊరుకోలేదు. మేమూ ఊరుకోమనలేదు.

తర్వాత ముక్కు తుడుచుకుని, గుమ్మం మీంచి పక్కకి జరిగింది. "ఎల్లు. పిల్లలు ఎదురుసూస్తంటారు. మెల్లగా నడు," అంది శ్రావణితో. దేవేంద్ర ఆ పిల్లని బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. సూర్యుడు ఇటు దిగుతుండగా అటు తాటిచెట్ల వెనక చంద్రుడు లేచాడు, సగానికి పైగా నల్లగా. మొదట వెలుతురులో పోల్చుకోలేకపోయాం, కాస్త పైకొచ్చాక తెలిసింది. పళ్ళెమూ రోకలీ ఆ రోజు బయటికి రాలేదు. నలభై ఆరేళ్ళుగా గ్రహణాలన్నిటినీ ఇంటి లోపలే గడిపిన మనిషి, కళ్ళార్పకుండా చూసింది.

"నీడ అంచు గుండ్రంగా ఉన్నాదేటే?"

"భూమి గుండ్రం కదా వదినా."

"ఆ నీడలో మనమూ ఉన్నామా?"

"ఉన్నాం."

"మీ అమ్మ?"

"మట్టిలో కలిసింది కదా, ఆవిడా ఉన్నట్టే."

"ఎక్కడున్నా వదల్దు," అని ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మ బతికుంటే ఇద్దరికీ చీపురు తిరగేసేది.

వదిన లేచి లోపలికి వెళ్ళింది. నీళ్ళకనుకున్నాను. కత్తిపీట తెచ్చి వాకిట్లో, ఆ చంద్రుడికి ఎదురుగా వాల్చింది. శ్రావణి కోసం దేవేంద్ర తెచ్చిన జామకాయల్లోంచి ఒకటి తీసి, కొంగుతో తుడిచి, రెండు చెక్కలు చేసింది. ఒక చెక్క నా చేతిలో పెట్టింది.

"తిను. ఆ రోజు రెండోది నీ నోట్లో పడనేదు గదా."

నేను తిన్నాను. రెండో చెక్క ఆవిడ తిన్నది.