జాలరిపేటలో నా చేతిరాత

పోయిన నెల ఒక సోమవారం మధ్యాహ్నం రాజమండ్రిలో మా ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరూ చిరునామా నా చేతిరాతలో ఉన్నాయి. తలకట్టు చివర పైకి లేచే చిన్న కొక్కెం, గీత దాటి కిందికి జారే ళ తోక, పదానికీ పదానికీ మధ్య నేను వదిలే మరీ ఎక్కువ ఖాళీ, అన్నీ నావే. నేనే ఎప్పుడో రాసి, పోస్టు చేసి మరిచిపోయానేమో అనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలి కాగితం మీదా అదే రాత.

"మాస్టారికి జాలరిపేట నూకరత్నం రాయునది. గురువారం ఆఫీసరమ్మ వస్తుంది. మా కాగితాలు చూసి మళ్లీ ఒకరే రాశారు అంటున్నారు. పోయినసారి మీరు చెప్పలేదు. ఈసారి వచ్చి చెప్పండి."

నేను చెప్పనిదేమిటో ముందు చెప్పాలి.

ఎనిమిదేళ్ల కిందట నేను విశాఖపట్నంలో ఉండేవాణ్ని. పోర్టుకు సరుకు చేరవేసే ఒక చిన్న కంపెనీలో చలానాలు రాసే ఉద్యోగం, సీతమ్మధారలో అద్దె వాటా. సాయంత్రాలు జాలరిపేటలో పెద్దవాళ్లకు చదువు చెప్పే ఒక బృందంతో కలిసి పనిచేసేవాణ్ని. జీతం లేని పని. నాతోపాటు సువార్త గారనే టీచరు ఉండేవారు. ఆవిడ పెందుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. వాచకాలు వస్తాయన్నారు గాని ఏడాదంతా రాలేదు. అందుకని పాఠాలు నేనే చేత్తో రాసి, జిరాక్సు తీయించి పంచాను. చేపలమ్ముకుని వచ్చిన ఆడవాళ్లు, నూకరత్నం వాళ్లలో ఒకామె, వాటి మీద పల్చటి కాగితం పరుచుకుని దిద్దేవాళ్లు. ఒకసారి సువార్త గారు అచ్చు పేపరు చూపిస్తే, వీటికి కొక్కేలు లేవేమని వాళ్లు అడిగారు.

ఏడాది చివర పరీక్ష పెట్టారు. ఆ రోజు నాకు ఓడ పని పడింది. గదిలో సువార్త గారొక్కరే ఉన్నారు. వారం తర్వాత, పరీక్ష పెట్టిన పై ఆఫీసుకు నన్ను రమ్మన్నారు. బల్ల మీద ఇరవై రెండు కాగితాలు, ఇరవై రెండింటి మీదా ఒకే చేతిరాత. ఎవరు రాశారని అడిగారు. అక్షరాలు నావని నాకు తెలుసు. రాసింది ఆ ఆడవాళ్లేనని కూడా తెలుసు. ఇది నా రాత అంటే నేనే దొంగనంటారు, మా కంపెనీ దాకా వెళ్తుంది అని భయపడ్డాను. "ఆ రోజు నేను గదిలో లేనండీ. సువార్త గారున్నారు" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆవిడ చేతిరాత ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. ఆవిడే అన్నీ రాసిందని తేల్చేశారు. ఆవిడ పనిచేసే బడిలో మరుసటి ఏడాదికి పిలవలేదు. ఎవరికీ సర్టిఫికెట్టు రాలేదు. నేను రెండు నెలల్లో రాజమండ్రి బ్రాంచికి మార్పించుకుని వచ్చేశాను.

గురువారం ఉదయం ఆరూ పదికి బండెక్కాను. జనరల్ బోగీలో కిటికీ పక్కన చోటు దొరికింది. తునిలో ఒకాయన భుజాన సంచీతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడట. నేను నోటుపుస్తకం తీసి, రాయబోయే ముందు పెన్ను రెండుసార్లు అట్ట మీద కొట్టాను. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆయన చూసి, "ఏటి బావా, పెన్నుని నిద్దర లేపుతన్నావేటి?" అన్నాడు. నవ్వాను. ఆ తర్వాత ఏమీ రాయలేకపోయాను.

అనకాపల్లి దాటాక ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. అల్పపీడనమని, ఈ రోజు పడవలు దిగవని ఆయనే చెప్పాడు. దువ్వాడలో దిగుతూ చెయ్యి ఊపాడు. ప్లాంటు వైపు పొగ పైకి పోకుండా అక్కడే కిందకి వాలి ఉంది. విశాఖపట్నం చేరేసరికి పదీ ఇరవై. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆర్టీసీ కాంప్లెక్సు మీదుగా ఆటోలో జాలరిపేట వెళ్లాను. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని ఆటో ఆయన చెప్పాడు. అలాంటి రోజున అక్కడెవరికి పని సార్ అని అడిగాడు. 

పడవలన్నీ ఒడ్డుకు లాగేసి ఉన్నాయి. గాలి లేదు. అల ఒడ్డు దాకా వచ్చి చప్పుడు లేకుండా వెనక్కి పోతోంది. మామూలుగా ఆ వేళకు వీధి నిండా బేరాలు, తిట్లు ఉంటాయి. ఆ రోజు తలుపులు తీసే ఉన్నాయి గాని మనిషి గొంతు లేదు. ఐసు కొట్టు ముందు ఒక పలక వేలాడుతోంది. ఈ రోజు ఐసు లేదు అని ఉంది. నాలుగడుగులు దాటిపోయి వెనక్కి వచ్చి చూశాను. కొక్కేలు నావి.

అక్కడి నుంచి చూడకూడదనుకున్నా కళ్లు గోడల మీదికే పోయాయి. ఇచ్చట వలలు ఆరబెట్టరాదు. అద్దెకు గది కలదు. ఒక పడవ మీద కొత్త నీలం రంగులో తల్లి దీవెన. ఒక గుమ్మం పక్కన అట్టముక్క మీద ఎవరిదో పెద్దకర్మ కబురు, పేరూ తేదీతో సహా. నేనెరగని మనిషి చావును నేనే రాసి అంటించి వెళ్లినట్టుంది. ఆ అట్ట ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపల నుంచి ఒక ముసలామె బయటికి వచ్చి నన్ను కింది నుంచి పై దాకా చూసి లోపలికి వెళ్లిపోయింది.

తరగతి జరిగే చోటు చర్చి వెనక రేకుల షెడ్డు. ఎవరైనా వెళ్లి చూడదలిస్తే, లేదా సాయం చేయదలిస్తే, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి. చేపల బేరం అయ్యేదాకా ఎవరూ రారు. ఆ రోజు బేరం లేదు కాబట్టి పన్నెండుకే షెడ్డు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. గోడవారన బల్ల మీద నాలుగు పాత కంప్యూటర్లు, మీద పాత చీర ముక్కలు కప్పి ఉన్నాయి. నల్లబల్ల మీద ఒకే వాక్యం ఉంది. మాస్టారు ఈ రోజు వస్తారు.

నా చేతి వేళ్లు చూసుకున్నాను. సుద్ద లేదు.

"సూసినారా?" అని వెనక నుంచి గొంతు వినబడింది. నూకరత్నం. యాభై దాటి ఉంటాయి. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. "మీరు ఎల్లిపోనారు గాని మీ సెయ్యి ఇక్కడే ఉండిపోనాది."

కూర్చోమని తనే కుర్చీ వేసింది. ఇంతకాలం జరిగింది చెప్పింది. తరగతి మూతపడ్డాక వీధిలో ఆమెను కాపీ నూకరత్నం అని పిలిచేవారట. ఆ రోషంతోనే నా జిరాక్సు కాగితాలు మళ్లీ జిరాక్సు తీయించి, తన గుమ్మంలో మరో పదిమందికి దిద్దించింది. వాళ్లు ఇంకొందరికి నేర్పారు. రెండేళ్ల కిందట సువార్త గారు తిరిగొచ్చి షెడ్డు అడిగి తీసుకున్నారు. అంతకుముందు నెల పరీక్ష రాసిన పద్దెనిమిది మందిలో సగం మంది నన్ను ఎన్నడూ చూడలేదు.

"నాను ఒక్కటే అడుగుతాను మాస్టారూ," అంది చివర. "అప్పుడు ఆల్లు అడిగినప్పుడు, నూకరత్నానికి రాయడం వచ్చునని మీకు తెల్సు కదేటి?"

తెలుసన్నాను. ఆమె తల ఊపి, కంప్యూటర్ల మీది చీర ముక్కలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఒంటిగంటకు సువార్త గారు వచ్చారు. పలకరించారు, మంచినీళ్లు ఇచ్చారు. ఈ కంప్యూటర్లు ఆఫీసుల్లో పక్కన పడేసినవి అడిగి తెచ్చారట. ఫోనులో దరఖాస్తు నింపడం, బస్సు టికెట్టు తీసుకోవడం, టైపు చేయడం నేర్పుతున్నారు. ఎందుకు మొదలుపెట్టారని అడిగాను. నా వైపు చూడకుండా ఒక వైరు సరిచేస్తూ, "కీబోర్డు మీద ఎవరి చెయ్యీ కనపడదండి. అందుకని" అన్నారు.

రెండున్నరకు ఆఫీసరు గారు వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదగా మాట్లాడే మనిషి. అప్పటికి నూకరత్నంతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చి వరుసగా కూర్చున్నారు. ఆవిడ పద్దెనిమిది కాగితాలు నా ముందు పరిచారు. ఎనిమిదేళ్ల కిందటి బల్లే మళ్లీ నా ముందుకు వచ్చినట్టయింది. ఇది మీ చేతిరాతేనా అని అడిగారు. గుమ్మం తీసే ఉంది, సముద్రం కనబడుతోంది.  సువార్త గారు కిందకి చూస్తున్నారు.

"నాదేనండీ. కానీ నేను రాయలేదు."

రెండూ ఎలా నిజమవుతాయని ఆవిడ అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఆవిడే దారి చూపారు. అందరికీ తలొక తెల్లకాగితం, నాకూ ఒకటి. వెనక వైపు గుర్తుకు అంకెలు వేశారు. తనొక వాక్యం చెప్తానని, అందరూ రాయాలని అన్నారు. "సముద్రం ఈ రోజు నిశ్శబ్దంగా ఉంది."

నేను పెన్ను ఎత్తాను. అప్పుడు నా ముందూ వెనకా టక్ టక్ మని వినబడింది. పన్నెండు మందీ పెన్ను రెండేసిసార్లు బల్లకు కొట్టి, ఒకేసారి తలలు ఎడమకు వంచి రాయడం మొదలుపెట్టారు. నన్నెరగని వాళ్లు కూడా. నేనలా తల వంచుతానని నాకే తెలియదు. ఆ పన్నెండు మెడల్లో చూసి తెలుసుకున్నాను. షెడ్డులో పెన్నుల గీత చప్పుడు తప్ప ఇంకేదీ లేదు.  నా పెన్ను ఇంకా గాల్లోనే ఉంది.

చివరికి నేనూ రాశాను. ఆవిడ కాగితాలు పేకముక్కల్లా కలిపి బల్ల మీద పరిచి, మీది తీయండి అన్నారు. ఒక్కొక్కటే చూశాను. పదమూడూ నావే. చాలాసేపటికి ఒకటి తీసి, ఇదే అన్నాను. ఆవిడ తిప్పి అంకె చూశారు. నాలుగు.

"అది నాది మాస్టారూ," అంది నూకరత్నం.

వెనక వరుసలో ఎవరో మెల్లిగా అన్నారు. "మాస్టారు ఫెయిలైపోనారే." అందరూ నవ్వారు. ఆఫీసరు గారూ నవ్వారు. సువార్త గారు నవ్వలేదు.

రాత ఒకటైనంత మాత్రాన రాసింది ఒకరే కానక్కర్లేదని తేలింది కాబట్టి, రాని ఆరుగురివి సహా పద్దెనిమిది కాగితాలూ ఎవరివి వాళ్లవేనని ఆవిడ అక్కడే రాసి సంతకం పెట్టారు. నేను వచ్చిన పని అయిపోయిందని లేచి ఉంటే బండి వేళకు చాలా ముందే స్టేషన్లో ఉండేవాణ్ని. లేవలేదు. పాత పరీక్ష సంగతి, నేనన్న మాట, అందులో నేను దాచింది, అందరి ముందూ చెప్పాను. 

సువార్త గారు బ్యాగులోంచి అట్టలు నలిగిన ఒక పాత నోటుపుస్తకం తీసి తెరిచారు. చిన్న, గుండ్రటి అక్షరాలు. ఒక్క కొక్కెం లేదు. "ఎవరైనా అడుగుతారని ఎనిమిదేళ్ల నుంచీ మోస్తున్నానండి," అన్నారు. "ఎవరూ అడగలేదు."

ఆ ఫైలు ఎప్పుడో మూసేశారని, తిరిగి తెరుస్తారో లేదో మాట ఇవ్వలేనని ఆఫీసరు గారన్నారు. రాసిస్తే మాత్రం జత చేస్తానన్నారు. నేను కాగితం తీసుకోబోతే, ఈ చేతిరాతలో ఇస్తే ఎవరిచ్చారో ఎలా తెలుస్తుందని ఆపారు. నిజమే. అందుకని నేను చెప్తుంటే నూకరత్నం టైపు చేసింది. మొదటి అక్షరం నొక్కేముందు చూపుడు వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతుంటే, నా తప్పు తెర మీద చాలా మెల్లిగా, ఎవరి చెయ్యీ కాని అక్షరాల్లో బయటికి వచ్చింది. తప్పు చేసినవాడు నేను అన్న చోట ఆమె ఆగి, "ఇదీ కొట్టీమంటారా?" అని అడిగింది. కొట్టమన్నాను. వీధి చివర రెండు ప్రతులు ప్రింటు తీయించి, సంతకం పెట్టి, ఒకటి ఆఫీసరు గారికి ఇచ్చాను. సువార్త గారు చదివి, మడత పెట్టకుండా నోటుపుస్తకంలో ఒక ప్రతి పెట్టుకున్నారు. పెందుర్తి బస్సుకు వేళైందని వెళ్లిపోయారు. నన్ను క్షమించారని నేను ఇక్కడ రాయలేను. ఆవిడ అలా అనలేదు.

సాయంత్రం ఆరు గంటల బండికి వెనక్కి బయలుదేరాను. ఆటో ఎక్కేముందు నూకరత్నం వేలెడంత ఎండు చేపలు, నెత్తళ్లు, కాగితంలో చుట్టి తాడుతో కట్టి ఇచ్చింది. పొట్లం మీద మాస్టారికి అని, కింద నా పూర్తి పేరు, రాజమండ్రి అని రాసింది. ఇంకా చుక్క వాన పడలేదు. ఆటోలోంచి వెనక్కి చూస్తే పడవలన్నీ అలాగే ఉన్నాయి. దూరానికి తల్లి దీవెన ఒక్కటే చదవడానికి వీలైంది.

బండిలో ఇదంతా మరిచిపోకముందే రాసుకుందామని నోటుపుస్తకం తీశాను. పెన్ను అట్ట మీద కొట్టబోయి ఆగాను. కొట్టకుండానే రాయడం మొదలుపెట్టాను. అనకాపల్లిలో ఎక్కిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని, కాసేపు నా రాత వైపు, ఒళ్లో ఉన్న పొట్లం వైపు చూశాడు.

"సేపలు కొనుక్కుని మీ పేరు మీరే రాసుకున్నారేటి బాబూ?" అని అడిగాడు.

"నేను రాయలేదండీ," అన్నాను. "జాలరిపేట నూకరత్నం రాసింది. ఆవిడకు రాయడం వచ్చు."

ఆయన పుస్తకం మీద అక్షరాలూ పొట్లం మీద అక్షరాలూ మార్చి మార్చి చూశాడు. కొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు. నమ్మలేదు.

నేను మళ్లీ చెప్పాను.