పదకొండు పరీక్షలు పాసైన పిస్టల్

మొన్న దసరా ఆదివారం నాకేం జరిగిందో వింటే టీ గ్లాసు కింద పెట్టేస్తారు మీరు. ముందే చెప్తున్నా, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలిందల్లా నా పరువుకే, అది కూడా నా చేతులారా నేను చేసుకున్నదే!

నా ఉద్యోగం సంగతి మీకు తెలుసుగా. బెంగళూరు పీణ్యలో ఒక టూల్‌రూమ్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. తయారైన ప్రతి పార్టూ నా టేబుల్ మీదికి రావాలి. వెర్నియర్‌తో కొలుస్తాను, మైక్రోమీటర్‌తో కొలుస్తాను. బాగుంటే పచ్చ స్టిక్కర్. బాగా లేకపోతే ఎర్ర స్టిక్కర్, దాని మీద ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో ‘రిజెక్ట్’ అని ఉంటుంది. నా ఎర్ర స్టిక్కర్ పడిందంటే మా ఓనర్ కూడా నోరెత్తడు. ఆ పొగరే నన్ను ముంచింది.

ఆర్నెల్ల కిందట షూటింగ్ క్లబ్బులో చేరాను. ఒక చోట నిలబడి తాపీగా గురి పెట్టే రకం కాదండీ, ప్రాక్టికల్ షూటింగ్! బజర్ మోగగానే పిస్టల్ తీయాలి, ఒక గీత దగ్గర్నుంచి ఇంకో గీత దగ్గరికి నడవాలి, ఎదురుగా నిలబెట్టిన చిన్న చిన్న ఇనప ప్లేట్లని టకటకా పడగొట్టాలి. మాలాంటి కొత్తవాళ్ళకి గ్యాస్‌తో పేలే ఎయిర్ పిస్టల్‌లే ఇస్తారు. నేర్పేది ఒక రిటైర్డ్ సుబేదార్ గారు, కోలారు వైపు మనిషి. మీసం తెల్లబడింది గానీ గొంతు మాత్రం ఇంకా పరేడ్ గ్రౌండ్‌లోనే ఉంది.

క్లబ్బు రూల్ ఏంటంటే, కొత్తవాళ్ళు టేబుల్ మీదున్న వాటిలోంచి ఒక పిస్టల్ ఎంచుకోవాలి. పోటీ దాకా అదే వాడాలి. పోటీలో మొదటి నలుగురూ టీమ్‌గా మైసూరు వెళ్తారు. ఆ నలుగురిలో ఉండాలని నాకు ఎంత ఆశో! పెళ్ళయ్యాక నా కోసం నేను మొదలుపెట్టింది ఇదొక్కటే మరి.

ఎంచుకునే రోజు నేనేం చేశానో తెలుసా? ఫ్యాక్టరీ నుంచి వెర్నియర్, స్ప్రింగ్ త్రాసు, గేజులు, స్టిక్కర్లు అన్నీ బ్యాగులో వేసుకెళ్ళాను. పదకొండు అంశాల చెక్‌లిస్టు! బరువు, గొట్టం పొడవు, ట్రిగ్గర్ లాగడానికి ఎంత బలం కావాలి, గురి చూసే వెనక గాడి వెడల్పెంత... ఒక్కొక్కటీ కొలిచి రాసుకుంటున్నాను. సుబేదార్ సార్ కాసేపు చూశారు.

“ఏమ్మా పద్మా, పెండ్లికొడుకు జాతకం చూసినట్టు చూస్తా ఉండావు! జాతకం తర్వాత, ముందు చేయి పట్టుకో” అన్నారు.

“సార్, డేటా లేకుండా ఎలా సార్?”

“కండ్లు మూసుకోని పట్టు. వేలు ఈడ్చుకోకుండా ట్రిగ్గర్ మీద కూర్చోవాల. కండ్లు తెరిస్తే ముందరి పోస్టు వెనక గాడి మధ్యలో కనపడాల. అష్టే!” ‘అంతే’ అనాల్సిన చోటల్లా ఆయన కన్నడంలో ‘అష్టే’ అంటారు.

నేను వింటేగా! నల్లగా, పెద్దగా, నిగనిగలాడే ఒక పిస్టల్ పదకొండుకి పదకొండూ పాసయింది. పచ్చ స్టిక్కర్ అంటించేశాను. పక్కనే ఒక చిన్నది, పాతది. చెక్క పిడి అరిగిపోయింది, రంగు పోయింది. నాలుగు అంశాల్లో ఫెయిల్. దాని పిడికి ఎర్ర స్టిక్కర్ కొట్టాను. సార్ మీసం దువ్వుకున్నారు.

ఆ పదకొండు అంశాల్లో నా చెయ్యి లేదండీ! గొట్టం కొలిచాను, గాడి కొలిచాను, నా అరచెయ్యి కొలవలేదు. ఆ పిడి పట్టుకుంటే నా వేలు కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అందుతుంది. పది నిమిషాలకే మణికట్టు పీకేది. అయినా ఒప్పుకుంటానా? పాసైన పార్టుని మళ్ళీ ఫెయిల్ చేస్తే నా ఉద్యోగానికే అవమానం.

పెల్లెట్ గుళ్ళూ గ్యాసూ క్లబ్బులోనే ఉంచి, ఖాళీ పిస్టల్ ఇంటికి తీసుకెళ్ళి పట్టు ప్రాక్టీసు చేసుకోమన్నారు. ఇంట్లో మా అత్తమ్మ ఉన్నారు. మా మామగారు వాళ్ళది హిందూపురం వైపు, ఆవిడ బెంగళూరు వచ్చి నలభై ఏళ్ళయినా మాటలో ఆ ఊరు పోలేదు. పిస్టల్ చూసి ఏమంటారోనని నాకు భయం. మావారు మురళి అయితే ముందే బాల్కనీలోకి తప్పుకున్నారు.

అత్తమ్మ పెట్టె తెరిచి చూశారు. నా చేతిలో పెట్టి చూశారు. “ఇది నీ చేతికి పెద్దగా ఉండాది కదమ్మా” అన్నారు.

“లేదత్తమ్మా, అన్నీ కొలిచే తెచ్చాను.”

“సంగటి కెలికే కట్టె కొనేటప్పుడు కొలిచి కొంటామా? పట్టి చూసి కొంటాము.”

సుబేదార్ సార్ చెప్పిందే! ఇద్దరూ ఒకరినొకరు చూసుకోను కూడా లేదు. నేను మాత్రం వినలేదు. అత్తమ్మకి ఆ సంగతి ఎక్కువసేపు గుర్తుంటేగా, ఆవిడ ఆనందం వేరే!

“ఇన్నేండ్లూ ఆయుధ పూజకి మిక్సీకి, స్కూటర్‌కి బొట్లు పెట్టి పెట్టి యాష్టొచ్చినాది. ఇప్పుడు కదా మన ఇంట్లో నిజంగా ఆయుధం ఉండాది!”

వీధి వీధంతా చెప్పేశారు. కోడలు మైసూరుకి పోతాదని కూడా చెప్పేశారు, దశమి నాటి పోటీ ఇంకా జరగనే లేదు! నవమి నాడు ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, మేడ మీది కన్నడం వాళ్ళు అందరూ మా ఇంటికే. మధ్యలో పీట మీద పిస్టల్, దాని మెడలో కనకాంబరాల దండ. అటూ ఇటూ మిక్సీ, వెర్నియర్ పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా నిలబడి ఉన్నాయి. అత్తమ్మ గంధం తీసి, కుంకుమ పెట్టి, హారతిచ్చారు. పూజ చేసింది దశమి దాకా కదపకూడదన్నారు. దశమి పొద్దున ఆవిడే దాన్ని పెట్టెలో సర్ది నా చేతికిచ్చారు. “ఈ రోజు ఏది ముట్టుకున్నా జయమే. పదమ్మా, నేనూ వస్తాను.”

ఆటోలో అత్తమ్మ, ఒళ్ళో నిమ్మకాయ చిత్రాన్నం డబ్బా. వెనకాల స్కూటర్ మీద మురళి, మెడలో కెమెరా. క్లబ్బులో కూడా పండగ కళే, ప్లేట్ల పైన చెక్క ఫ్రేముకి బంతిపూల దండలు కట్టారు.

పెట్టె తెరిచి చూస్తే పిడి మీద గంధం బొట్లు. కర్చీఫ్‌తో పైపైన తుడిచాను. తక్కినదంతా చూడొద్దూ? చూడలేదు. పాసైన పార్టే కదా, మళ్ళీ చూడడమెందుకు!

బజర్ మోగింది. పిస్టల్ ఎత్తాను. ముందు పోస్టు ఏదీ? వెనక గాడి ఏదీ? గాడి లేదు! నిన్నటి గంధం గాడి నిండా పట్టి, సిమెంటులా గట్టిపడి, మధ్యలో కుంకుమ బొట్టు. పాపం అత్తమ్మకి అది బొట్టు కోసం చేసిన గుంతలా కనబడినట్టుంది. గురి చూస్తుంటే పిస్టలే నన్ను తిరిగి చూస్తున్నట్టుంది!

ఆగే వీల్లేదు, టైమ్ నడుస్తోంది. ఉజ్జాయింపుగా కాల్చాను. ఒకటి గురి తప్పి పోయింది. రెండూ, మూడూ అంతే. చెమటకి మిగిలిన గంధం తడిసి, ఆ లావు పిడి చేతిలో సబ్బులా తిరుగుతోంది. నాలుగోది పైకెక్కడికో పోయి బంతిపూల దండ దారం తెంపింది. దండ జారి సరిగ్గా మూడో ప్లేటు మీద పడింది. ప్లేటు ఠంగుమని పడిపోయింది!

“పడినాది! పడినాది!” అత్తమ్మ లేచి చప్పట్లు.

ఐదోదీ తప్పాక సుబేదార్ సార్ పుస్తకంలో సున్నా వేశారు. అత్తమ్మ నేరుగా ఆయన దగ్గరికెళ్ళారు. “ఏమప్పా, పడింది కదా, రాసుకోవేం?”

“పడేసింది దండమ్మా. దండకి మా క్లబ్బులో మెంబర్‌షిప్ లేదు.”

నాకు ఏడుపొకటే తక్కువ. వీధంతా మైసూరు అని చెప్పి వచ్చిన మనిషి ముందు సున్నా! రెండో రౌండ్ మిగిలుంది. సార్ నా దగ్గరికొచ్చి గాడిలోకి చూశారు, మీసంలోనే నవ్వుకున్నారు. గొట్టం లోపల ఏముందో తేలేదాకా ఇది వాడనివ్వనని పక్కన పెట్టేశారు. ఆ అరిగిపోయిన చిన్నది తెచ్చి నా చేతిలో పెట్టారు. పిడికి నా ఎర్ర స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది, అంచు కాస్త లేచింది. పీకబోయాను.

“ఉండనీమ్మా, టైమ్ అవుతా ఉండాది. పిస్టల్‌కి ఇంగ్లీషు రాదులే.”

కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. అబ్బ! ఎన్నాళ్ళ నుంచో నా చేతిలోనే ఉన్నట్టుంది. వేలు దానంతటదే ట్రిగ్గర్ మీద కూర్చుంది. కళ్ళు తెరిస్తే పోస్టు గాడి మధ్యలో. బజర్! ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదూ పడ్డాయి! నేనే నమ్మలేకపోయాను, మురళి అయితే ఫోటో తీయడమే మర్చిపోయారు.

రెండు రౌండ్లూ కలిపి లెక్క చూస్తే నాలుగో స్థానంలో ఉన్నతనికి ఆరు. నాకు ఐదు. దండ పడేసింది కూడా కలిపితే నాకూ ఆరే, పైగా నా టైమే తక్కువ! ఒక్క ప్లేటులో మైసూరు పోయింది. అయినా మర్యాద మర్యాదే. ఆ నలుగురికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి కంగ్రాట్స్ చెప్పాను. వాళ్ళు నా చెయ్యి చూసి, ముఖం చూసి, ఏదో జాలిగా నవ్వారు. ఓడిపోయాననే కదా అనుకున్నాను. చిత్రాన్నం స్పూనుతో తిని ఆటో ఎక్కాం.

దారిలో అత్తమ్మ నాకు దగ్గరగా జరిగారు. నా చెయ్యి ఒళ్ళో బోర్లా పెట్టుకుని మణికట్టు నిమురుతూ కూర్చున్నారు. “పోనీలేమ్మా. నీ చేతికి సరిపోయేది దొరికినాది కదా, వచ్చే ఏడు నీదే” అన్నారు. ఆ మాటకి నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వీధి మొదట్లోనే అందరూ నిలబడి ఉన్నారు. ఏమైంది, ఏమైంది అని కేకలు. సిగ్గుని కప్పిపుచ్చుకోవాలిగా, ఆటోలోంచి చెయ్యి బయట పెట్టి, మంత్రిగారిలా అరచెయ్యి చూపిస్తూ అందరికీ ఊపుకుంటూ వచ్చాను. మేడ మీది కన్నడం వాళ్ళ అమ్మాయి కాలేజీలో చదువుతోంది, అది ఒక్కటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోతుంటే అత్తమ్మ నా కుడి చెయ్యి పట్టుకున్నారు. అరచేతి మధ్యలో ఏదో ఎర్రగా అతుక్కుని ఉంది. ఎండిన గంధం చర్మాన్ని లాగుతోందనుకున్నాను ఇంతసేపూ! పిడి మీది ‘రిజెక్ట్’ స్టిక్కర్ చెమటకీ గంధానికీ ఊడొచ్చి, తిరగబడి, జిగురు వైపు నా చేతికి పట్టేసింది. షేక్‌హ్యాండ్‌లకి ముందు నుంచీ అదక్కడే ఉంది!

అత్తమ్మకి తెలుగొచ్చు, కన్నడమొచ్చు, ఇంగ్లీషు రాదు. ముఖం వెలిగిపోయింది.

“ప్రైజు చీటీ ఇచ్చినారా? చెప్పనేలేదే! ఏమని రాసినారమ్మా దీని మీద?”

నేను మురళి వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నారు.

“నా గురించే రాశారత్తమ్మా” అన్నాను.

ఆవిడ దాన్ని చిరగకుండా మెల్లగా పీకి, పసుపు అద్ది, దేవుడి గూట్లో అతికించారు. రోజూ పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయే ముందు దానికి దణ్ణం పెట్టుకునే వెళ్తున్నాను. పద్నాలుగేళ్ళ సర్వీసులో నేను కరెక్టుగా అంటించిన స్టిక్కర్ అదొక్కటే.