బుద్రమ్మ దాటని గీత

ముందే ఒప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. బుద్రమ్మ కల్లు తాగలేదని నాకు తెలుసు. తెలిసీ డాక్టరుగారి ముందు నోరు విప్పలేదు.

1998 వానాకాలంలో విశాఖ మన్యంలో, హుకుంపేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరాను. మందులివ్వడం, వాటిని వాడే తీరు నేర్పడం నా పని. బుద్రమ్మకు అప్పటికే యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులని కొండపోడుకు వెళ్లడం మానేసింది. చోడి అంబలి, అదే రాగి అంబలి, పోయి మూడు పూటలా కోటా బియ్యం వచ్చింది. మాత్రలతో షుగరు దిగకపోతే డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు.

తిన్న తిండి చక్కెరగా మారి రక్తంలో తిరుగుతుందని, అది కండలోకి చేరాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలని ఆమెకు చెప్పాను.

"అయితే నా తలుపులు బిగిసిపోనాయేటి బాబూ?" అంది.

నడిస్తే కండలు చక్కెరను లాక్కుంటాయని, ఉన్న ఇన్సులినే బాగా పనిచేస్తుందని చెప్పాను.

"తలుపుకి నూనెట్టినట్టు!" అని నవ్వింది. ఆ వారం నుంచి జీపెక్కడం మాని సంతకు నడిచే వెళ్లేది. మళ్లీ చోడి, సామ వండుకునేది. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కుండలో చల్లగా దాచేది. చదువు రాదు కనుక సిరంజీ మీద ఆమె మోతాదైన ఇరవై యూనిట్ల దగ్గర సిరాతో గీత పెట్టి ఇచ్చేవాణ్ణి. ఇన్సులిన్‌కు ఆమె పెట్టుకున్న పేరు 'గీత మందు'.

మా సీసాల్లో మిల్లీలీటరుకు నలభై యూనిట్ల మందు ఉండేది. దానికి వాడవలసింది ఎర్రమూత సిరంజీ. నారింజ మూత సిరంజీ వంద యూనిట్ల మందుకు. ఒకసారి ఎర్రమూతవి అయిపోయి నారింజ మూతవి వచ్చాయి. చూసుకోకుండా వాటి మీద కూడా ఇరవై దగ్గరే గీత పెట్టాను. ఇరవై యూనిట్లకు బదులు ఆమె ఒంట్లోకి ఎనిమిదే వెళ్లాయి.

మరుసటి నెల షుగరు బాగా పెరిగింది. జీలుగు చెట్లకు కల్లు దిగే రోజులవి. బంధువులంతా చెట్టు కింద కూర్చుని తాగుతారు. వైద్యం మొదలయ్యాక ఆమె అది మానేసింది. డాక్టరుగారు మాత్రం మళ్లీ మొదలెట్టావా అని గద్దించారు.

"నాను గీత దాటనేదు బాబూ! కొండదేవత మీద ఒట్టు."

"డాకటేరుబాబుకే అబద్దం సెప్తన్నావేటే?" అన్నాడు పక్కనున్న మొగుడు లచ్చన్న.

ఆమె చేతిలో వాడేసిన సిరంజీ కనిపించింది. నారింజ మూత. నాకు అర్థమైంది. కొత్త ఉద్యోగం; సంజాయిషీ అడుగుతారని భయం. పక్క సెంటరు నుంచి ఎర్రమూతవి తెప్పించి, "కొత్తవి వచ్చాయి" అని మార్చేశాను. ఓపీ చీటీ మీద డాక్టరుగారు రాసిన 'కల్లు మానలేదు' అన్న మాట అలాగే ఉండిపోయింది.

తర్వాతి నెల షుగరు దిగింది. తిట్టబట్టే మానిందని అందరూ అనుకున్నారు. జీలుగు చెట్టు కింద ఆమెను 'దొంగతాగుడు బుద్రి' అని ఆటపట్టించేవారు. ఆమె అటు వెళ్లడమే మానేసింది. నాకు మాత్రం ఏటా కొత్త పసుపు తెచ్చిచ్చేది. కాదనలేక, తలెత్తలేక తీసుకునేవాణ్ణి.

కొలతకూ రోగి మాటకూ పొంతన కుదరనప్పుడు ముందు మన చేతిలోని కొలతను చూసుకోవాలి. తప్పు మందును సరిదిద్దితే సరిపోదు. చీటీ మీది తప్పు మాటనూ కొట్టివేయాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. నేర్చుకోవడం ఆలస్యమైంది.

2007లో కంటిచూపు తగ్గి, ముందుగానే ఉద్యోగం మానుకున్నాను. ఆ జీలుగు కాలంలోనే ఎర్రమూతదొకటి, నారింజ మూతదొకటి రెండు సిరంజీలు జేబులో వేసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. బుద్రమ్మను ఇంటి దగ్గర నుంచి చెట్టు కిందికి రమ్మని బతిమాలాను. అందరి ముందు రెండు సిరంజీల్లోనూ ఇరవై గీత దాకా నీళ్లు లాగి చూపించాను. నారింజ మూతదాంట్లో నీళ్లు సగం కూడా లేవు. జరిగింది చెప్పాను. లచ్చన్న తల దించుకున్నాడు.

బుద్రమ్మ రెండిటినీ పక్కపక్కన పట్టుకుని చూసింది.

"అయితే గీత దాటింది నువ్వా బాబూ?"

"నేనేనమ్మా. ఆ రోజు నోరు మూసుకున్నదీ నేనే. నన్ను క్షమించు."